టెక్సస్‌లో చదువుకుంటున్న చెల్లికి: చవగ్గా, కడుపునిండా బ్రెజిల్ వాళ్ల అన్నం, బీన్స్

ప్రశ్న: అక్కా, నమస్తే. నేను టెక్సస్‌లో ఎంఎస్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నలుగురం కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. పార్ట్‌టైమ్ పని ఇంకా దొరకలేదు, అద్దె, కరెంటు పోను తిండికి మిగిలేది చాలా తక్కువ. ఇండియన్ స్టోర్‌కి వెళ్తే కందిపప్పు, సోనా మసూరి కొనేసరికే పర్సు ఖాళీ. కొన్నాళ్లుగా నూడుల్స్, బ్రెడ్ మీదే లాగిస్తున్నాను. అమ్మ ఫోన్ చేసి ఏం తిన్నావంటే ఏదో ఒక కూర పేరు చెప్పేస్తున్నా. మీరు బ్రెజిల్‌లో ఉన్నప్పుడు అక్కడి వాళ్లలాగా అన్నం, బీన్స్ వండుకునేవాళ్లమని ఒకసారి రాశారు. అది ఎలా చేయాలి? నాకు వంట అంతంత మాత్రమే. రోజూ తింటే గ్యాస్ రాదా? గుడ్డు తింటాను, మాంసం తినను. ఒక రూమ్మేట్ శనివారాలు ఉల్లి, వెల్లుల్లి ముట్టదు. ఇంకో మాట, రోజూ అదే తింటుంటే చూసేవాళ్లకి మరీ లేమిలా కనిపిస్తుందేమోనని కూడా ఉంది.

సమాధానం: చెల్లీ, నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే అది మనసులో ఉంటే ఎంత బాగా వండుకున్నా ముద్ద దిగదు. మేం ఉన్నది సావో పాలో రాష్ట్రంలో కంపీనాస్ అనే ఊళ్లో. అక్కడ మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏ చిన్న హోటల్‌లో చూసినా ఒకటే భోజనం: ప్లేటులో ఒక పక్క తెల్లన్నం, దాని పక్కన గరిటెడు బీన్స్, కాస్త ఆకుకూరో సలాడో, పైన గుడ్డో మాంసమో. ప్రాతూ ఫేతూ అంటారు, మన ప్లేట్ మీల్స్ లాంటిదే. ఇల్లు కట్టే మేస్త్రీ, బ్యాంకు మేనేజరు పక్కపక్క బల్లల మీద కూర్చుని అదే తింటారు. చాలా కంపెనీలు ఉద్యోగులకు ఇచ్చే నెల సరుకుల పెట్టెలో బియ్యం, బీన్స్ సంచులు తప్పకుండా ఉంటాయి. 2014లో బ్రెజిల్ ఆరోగ్య శాఖ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, ప్యాకెట్ తిండి తగ్గించి అన్నం, బీన్స్ లాంటి ఇంటి భోజనం వదలొద్దని ప్రజలకు చెప్పారు. అంత పెద్ద దేశం రోజూ ఇష్టంగా తినే భోజనం తినడానికి నువ్వు మొహమాటపడాల్సిన పనేం లేదు. నూడుల్స్ తిని నీరసంగా క్లాసులో కూర్చోవడం గురించి ఆలోచించు, అది అసలైన ఇబ్బంది.

ఇప్పుడు సరుకుల సంగతి. బీన్స్ అంటున్నది కూరలో తరిగి వేసే పచ్చి కాయల గురించి కాదు, ఎండు గింజల గురించి. బ్రెజిల్‌లో ఎక్కువగా తినేది కారియోకా అనే రకం, లేత గోధుమరంగు మీద ముదురు గీతలుంటాయి. కంపీనాస్‌లోని వ్యవసాయ పరిశోధనా సంస్థ నుంచే అది 1970 ప్రాంతంలో దేశమంతా పాకింది. రియో వైపు మాత్రం నల్ల బీన్స్ ఇష్టపడతారు. నీ అదృష్టం ఏమిటంటే ఈ కారియోకాకి చాలా దగ్గరి చుట్టమైన పింటో బీన్స్ టెక్సస్‌లో ప్రతి కిరాణా షాపులోనూ దొరుకుతుంది, మెక్సికన్ షాపుల్లో అయితే ఇంకా తాజాగా, పెద్ద సంచుల్లో. ఇండియన్ స్టోర్‌లో రాజ్మా కొనకు, అదే జాతి గింజకి అక్కడ ఎక్కువ ధర పెడతావు. డబ్బాల్లో ఉడికించి అమ్మేవి కూడా వద్దు. ఒక పౌండు ఎండు గింజలు ఉడికితే సుమారు ఆరు కప్పులవుతాయి, అంటే డబ్బాలు నాలుగు కొన్నట్టు. ధరలు పక్కపక్కన పెట్టి చూస్తే నీకే తెలుస్తుంది. బియ్యం కూడా సోనా మసూరే కావాలని పట్టుబట్టకు, ఈ భోజనానికి మామూలు లాంగ్ గ్రెయిన్ బియ్యమే బాగుంటుంది, మెతుకు మెతుకు విడిగా ఉండాలి. ఇవి కాక ఉల్లిపాయలు, వెల్లుల్లి, బిర్యానీ ఆకు, నూనె, ఉప్పు. అంతే, ఇంకేం కొనకు.

వండేముందు ఒకటి గట్టిగా చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. గింజ చూడగానే చేయి రాజ్మా మసాలా వైపు వెళ్తుంది. టమాటా గుజ్జు, గరం మసాలా, కసూరీ మేతీ, పైన క్రీము. అప్పుడు అది పండగ కూర అయిపోతుంది, ఖర్చు పెరుగుతుంది, రెండో రోజుకే మొహం మొత్తుతుంది. బ్రెజిల్ వాళ్లు బీన్స్‌ని మన ఇళ్లలో ముద్దపప్పు చూసినట్టు చూస్తారు. రుచి తక్కువగా, మెత్తగా, అన్నంలోకి జారేలా ఉంటుంది కాబట్టే జీవితాంతం తినగలుగుతున్నారు. నువ్వూ దాన్ని అలాగే వండు, పక్కన ఏం నంజుకుంటావన్నది రోజూ మార్చుకో.

ఒక పౌండు పింటో బీన్స్ పళ్లెంలో పోసి ఒకసారి చేత్తో నెరుపు, చిన్న రాళ్లు, మట్టి బెడ్డలు అప్పుడప్పుడు వస్తాయి. కడిగి, గింజలకు మూడు నాలుగింతల నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టు. ఎండాకాలంలో అయితే గిన్నె ఫ్రిజ్‌లో పెట్టు, బయట ఉంచితే పులిసి వాసనొస్తుంది. పొద్దున ఆ నీళ్లు పారబోసి మళ్లీ కడుగు. గ్యాస్ గురించి అడిగావు కదా, కడుపు ఉబ్బరానికి కారణమయ్యే చక్కెరల్లో కొంత ఆ నానిన నీళ్లలోకి దిగుతుంది, అందుకే పారబోయమనేది.

కుక్కర్‌లో గింజలు వేసి రెండంగుళాలు పైకి వచ్చేలా కొత్త నీళ్లు, రెండు బిర్యానీ ఆకులు, ఒక చెంచా నూనె వేయి. నూనె ఎందుకంటే గింజలు నురుగు కట్టి ఆవిరి పోయే రంధ్రానికి అడ్డు పడతాయి, నూనె ఆ నురుగును తగ్గిస్తుంది. అదే కారణానికి కుక్కర్ సగానికి మించి నింపకు. మన విజిల్ కుక్కరైతే మొదటి విజిల్ వచ్చాక మంట తగ్గించి ఇరవై, పాతిక నిమిషాలు. ఇన్‌స్టంట్ పాట్ అనే కరెంటు ప్రెషర్ కుక్కర్ అయితే హై ప్రెషర్ మీద పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పెట్టి, ఆవిరి దానంతటదే పోయేదాకా వదిలేయి. ఏ కుక్కరూ లేకపోతే మామూలు గిన్నెలోనే గంటన్నర దాకా పడుతుంది, మధ్యమధ్యలో వేడి నీళ్లు పోస్తుండాలి. ఉడికిందో లేదో చూడటానికి మా ఇంటి ఓనరమ్మ చేసే పని ఒకటుంది: గింజని చెంచాతో తీసి నాలుకకీ అంగిలికీ మధ్య నొక్కుతుంది, పళ్లు వాడకుండానే చితికిపోవాలి. గింజ మధ్యలో సుద్దలా తగిలితే ఇంకో ఐదు పది నిమిషాలు పెట్టాల్సిందే.

ఎంతసేపు ఉడికించినా మెత్తబడటం లేదంటే రెండు కారణాలు. ఒకటి, గింజలు బాగా పాతవి. రెండు, నువ్వు ముందే టమాటానో చింతపండో వేసేశావు, పులుపు తగిలితే గింజ తోలు గట్టిగా ఉండిపోతుంది. కాబట్టి పులుపు ఏదైనా గింజ పూర్తిగా మెత్తబడ్డాకే.

జాగ్రత్త మాట ఒకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకు. రాజ్మా వండేరోజు స్లో కుక్కర్‌లో పచ్చివి వేసి కాలేజీకి వెళ్లిపోకు. సరిగ్గా ఉడకని ఎర్ర రాజ్మాలో ఒక విషపదార్థం ఉంటుంది, కొన్ని గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. స్లో కుక్కర్ వేడి దాన్ని పోగొట్టడానికి చాలదు. నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించాక స్లో కుక్కర్‌లో వేసుకో. పింటోలో అది తక్కువే, అయినా ఏ ఎండు బీన్స్‌నైనా బాగా మరిగించి తినడమే పద్ధతి.

ఇక అసలు రుచి పుట్టే చోటు తాలింపు. వెడల్పాటి గిన్నెలో రెండు చెంచాల నూనె వేడి చేసి, సన్నగా తరిగిన ఒక ఉల్లిపాయ వేసి మెత్తబడనివ్వు. ఐదారు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో కలిపి కచ్చాపచ్చాగా దంచి అందులో వేయి. వెల్లుల్లి మాడకూడదు, లేత బంగారు రంగు రాగానే కుక్కర్‌లోంచి రెండు గరిటెల గింజలు, కాస్త నీళ్లతో సహా అందులో పోయి. చుయ్యిమని ఒక్కసారి పొంగుతుంది. ఆ గింజల్ని గరిటె వెనకతో గిన్నె అడుగుకి అదిమి చితక్కొట్టు. తోళ్లు విడిపోయి, లోపలి పిండి వెల్లుల్లి నూనెలో కలిసి, జావలా ముద్దగా అవుతుంది, వంటిల్లంతా వాసన పట్టేస్తుంది. అప్పుడు మిగతా గింజలు, ఉడికిన నీళ్లు మొత్తం పోసి, ఉప్పు సరిచూసి, మూత పెట్టకుండా పది పదిహేను నిమిషాలు సన్న సెగ మీద ఉంచు. పలచగా ఉన్న నీళ్లు ఆ చితికిన గింజల వల్ల చిక్కబడి, గరిటెకి పట్టుకునే గ్రేవీ అవుతుంది. క్రీము, జీడిపప్పు, కార్న్ ఫ్లోర్ ఏమీ అక్కర్లేదు. ఉడికించిన నీళ్లు పొరపాటున కూడా పారబోయకు, అన్నం కలిసేది వాటితోనే.

అన్నం కూడా వాళ్ల పద్ధతిలో చేసి చూడు. బియ్యం కడిగి జల్లెడలో వడేయి. గిన్నెలో చెంచా నూనె, రెండు దంచిన వెల్లుల్లి రెబ్బలు వేసి, బియ్యం పోసి రెండు నిమిషాలు వేయించు. కప్పు బియ్యానికి రెండు కప్పుల మరిగే నీళ్లు, ఉప్పు, మూత పెట్టి సన్న మంట మీద పదిహేను నిమిషాలు. దించి ఇంకో పది నిమిషాలు మూత తీయకు. చదువు హడావిడిలో ఇదంతా కుదరకపోతే రైస్ కుక్కర్‌లోనే నూనె, వెల్లుల్లి వేసి పెట్టేసినా నష్టమేం లేదు.

ఇదెంత బలమైన తిండో కూడా తెలుసుకో, అమ్మకి చెప్పడానికి పనికొస్తుంది. ఒక కప్పు ఉడికిన పింటో బీన్స్‌లో సుమారు 15 గ్రాముల ప్రొటీన్, దాదాపు అంతే పీచు ఉంటుంది. కప్పు అన్నంలో ఇంకో 4 గ్రాముల ప్రొటీన్. ప్రొటీన్‌లో లైసిన్, మెథియోనిన్ అనే భాగాలుంటాయి. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ బీన్స్‌లో దండిగా ఉంటుంది, బీన్స్‌లో తక్కువగా ఉండే మెథియోనిన్ బియ్యం నుంచి వస్తుంది, అందుకే ఈ రెండూ జంటగా తినాలి. పీచు వల్ల తిన్న రెండు గంటలకే మళ్లీ ఆకలి వేయదు, నూడుల్స్‌తో నీకు జరుగుతున్నది అదే. ఇనుము కూడా ఉంటుంది కానీ గింజల్లో ఉన్నది ఒంటికి అంత తేలిగ్గా పట్టదు, పుల్లటి పండు తోడైతే పడుతుంది. బ్రెజిల్‌లో నల్ల బీన్స్‌తో చేసే ఫెయ్‌జోవాడా పక్కన నారింజ తొనలు పెడతారు, నువ్వు నిమ్మకాయ పిండుకున్నా చాలు. భోజనం అయిన వెంటనే టీ తాగే అలవాటుంటే మానెయ్, ఆ ఇనుము పట్టకుండా చేస్తుంది. బి12 మాత్రం బీన్స్‌లో ఉండదు. నువ్వు గుడ్డు తింటావు కాబట్టి ప్లేటు మీద రోజూ ఒక గుడ్డు, కాస్త పెరుగు పెట్టుకో.

గ్యాస్‌కి ఇంకో చిట్కా: మొదటి వారం అరకప్పు బీన్స్‌తోనే మొదలుపెట్టు. ఇన్నాళ్లూ పీచు లేని తిండి తిని ఒక్కసారిగా రెండు కప్పులు లాగిస్తే కడుపు గొడవ చేయక మానదు. మెల్లగా పెంచుకుంటూ పోతే చాలామందికి అలవాటైపోతుంది. నీళ్లు బాగా తాగు. తాలింపులో ఇంగువ వేసుకుంటే వేసుకో, బ్రెజిల్ వాళ్లకి ఇంగువ తెలియదు కానీ మనకి తెలుసు కదా.

పక్కన ఏం నంజుకోవాలి? బ్రెజిల్‌లో బీన్స్‌కి మంచి జోడీ కోవీ అనే ఆకుకూర. టెక్సస్‌లో కాలర్డ్ గ్రీన్స్ అని అమ్మేది దాదాపు అదే, కట్ట చవక. మధ్య ఈనె తీసేసి, ఆకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి చుట్టలా చుట్టి, వెంట్రుకంత సన్నగా తరగాలి. లావుగా తరిగితే నమలలేక విసుగొస్తుంది, సన్నగా తరిగితే వెల్లుల్లి నూనెలో రెండు నిమిషాలకే అయిపోతుంది, రంగు కూడా పచ్చగా నిలుస్తుంది. ఇంకోరోజు టమాటా, ఉల్లిపాయ, కొత్తిమీర సన్నగా తరిగి వెనిగర్, నూనె, ఉప్పు కలుపుకో. మరీ నోరు చచ్చిపోయిన రోజు ఆవకాయ ఉండనే ఉంది, బీన్స్ అన్నంలో ఆవకాయ ముద్ద ఎంత బాగుంటుందో తింటే నీకే తెలుస్తుంది. ఫరోఫా అని కర్రపెండలం పిండిని వెన్నలో వేయించి పైన చల్లుకుంటారు, కరకరలాడుతుంది. లాటిన్ షాపుల్లో ఆ పిండి దొరుకుతుంది, కానీ మొదటి నెలలోనే కొనక్కర్లేదు.

పింటోతో విసుగెత్తితే బొబ్బర్లు తెచ్చుకో. టెక్సస్‌లో బ్లాక్ ఐడ్ పీస్ అని అమ్ముతారు. ఆఫ్రికాలో పుట్టిన గింజ అది, బానిసలుగా తీసుకొచ్చిన ఆఫ్రికన్లతో బ్రెజిల్ చేరింది. అక్కడి బహియా రాష్ట్రంలో దాంతో అకరజే అని నూనెలో వేయిస్తారు, మన అలసంద వడలకి వేలువిడిచిన చుట్టం. ఈశాన్య బ్రెజిల్‌లో బొబ్బర్ల జాతి గింజల్నీ బియ్యాన్నీ ఒకే గిన్నెలో కలిపి బయావ్ ది దోయిస్ అనే వంటకం చేస్తారు. పరీక్షల రోజుల్లో నీకు ఇది వరం. రాత్రి నానబెట్టే పని కూడా లేదు. గింజలు అరగంటో ముప్పావుగంటో ముందుగా ఉడికించి, ఉల్లి, వెల్లుల్లి తాలింపులో బియ్యం వేయించి, ఉడికిన బొబ్బర్లు వాటి నీళ్లతో సహా పోసి అన్నం వండినట్టే వండు. దించేముందు కొత్తిమీర గుప్పెడు. వాళ్లు వేయించినా కరగని ఒక రకం చీజ్ ముక్కలు వేస్తారు, డబ్బులున్న వారం నువ్వు పనీర్ వేసుకో.

బయట తినాల్సి వచ్చినప్పుడు మాత్రం అడిగి తిను. బ్రెజిల్‌లో అయినా టెక్సస్‌లో అయినా హోటళ్లలో బీన్స్‌లో పంది మాంసమో కొవ్వో వేయడం మామూలే, పైకి కనపడదు.

దాచుకోవడం గురించి. అన్నం వండాక గంట, మహా అయితే రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టేయాలి. రాత్రంతా స్టవ్ మీద వదిలేసిన అన్నంలో పెరిగే ఒక బ్యాక్టీరియా వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. బీన్స్ ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తాయి, ఫ్రీజర్‌లో నెలల తరబడి ఉంటాయి. కంపీనాస్‌లో మాకు తెలిసిన ప్రతి ఇంట్లోనూ ఫ్రీజర్ తెరిస్తే పాత ఐస్‌క్రీమ్ డబ్బాల్లో బీన్సే కనిపించేవి. పిల్లలు ఐస్‌క్రీమ్ అనుకుని మూత తీసి మొహం వేలాడేసుకునేవాళ్లు. నువ్వూ డబ్బాకి రెండు కప్పుల చొప్పున సర్దు, పైన ఒక అంగుళం ఖాళీ వదులు, గడ్డ కట్టినప్పుడు ఉబ్బుతుంది. గాజు సీసాలైతే పగలొచ్చు, ప్లాస్టిక్ డబ్బాలే మేలు.

నీ శనివారం రూమ్మేట్ సమస్యకి కూడా ఇక్కడే దారి ఉంది. తాలింపు వేయకముందే, ఉత్తగా ఉడికిన గింజల్ని నీళ్లతో సహా డబ్బాల్లో పెట్టి ఫ్రీజ్ చేయండి. తినేరోజు ఎవరికి కావాల్సినంత వాళ్లు తీసుకుని ఎవరి తాలింపు వాళ్లు వేసుకుంటారు. ఆ అమ్మాయి శనివారం ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ వేసుకుని, అవే గింజలు కొన్ని చితక్కొట్టి మరిగించుకుంటే గ్రేవీ అలాగే చిక్కగా వస్తుంది. నలుగురూ కలిసి ఆదివారం ఒక్కసారి రెండు పౌండ్లు నానబెట్టి, కుక్కర్‌లో రెండు వాయిలుగా ఉడికించుకుంటే పన్నెండు కప్పులు, తలా మూడు. సంచి డబ్బులు నలుగురూ వేసుకోండి, కుక్కర్ ఎవరిదైతే వాళ్లని గిన్నెలు తోమే పని నుంచి తప్పించండి.